పొర్లుకట్ట ఇత్తడిలో, వరద వెలుగులో: పెన్నా రిలీఫ్ మోడల్ మీద ప్రొజెక్షన్ – ఒక కేస్ స్టడీ

నెల్లూరు దగ్గర ఒక కాలేజీ సివిల్ విభాగం వాళ్లు మా దగ్గరికి వచ్చింది టచ్ స్క్రీన్ కోసం. గోడకు పెద్ద తెర పెట్టాలి, అందులో పెన్నా నది, కాలువలు, 2021 నవంబరు వరద కనిపించాలి, వచ్చినవాళ్లు వేలితో జరుపుకుంటూ చూడాలి. జీఐఎస్ (కంప్యూటర్ పటాల) పని చేసేవాళ్లకు ఇది తేలికైన కాంట్రాక్టే. డేటా చేతిలో ఉంది, తెర కొంటే సగం పని అయిపోయినట్టే.

కానీ ఆ గదికి రాబోయేది విద్యార్థులు మాత్రమే కాదు. నీటి వినియోగదారుల సంఘాల రైతులు, పంచాయతీ సిబ్బంది, హైస్కూలు పిల్లలు కూడా వస్తారు. పటం చదివే అలవాటు లేనివాళ్లకు ఆకుపచ్చ రంగు గోధుమరంగులోకి మారితే అది ఎత్తు అని తోచదు. పెన్నా వరద కథంతా ఎత్తుల్లోనే ఉంది. సోమశిల దగ్గర కొండల సందులోంచి బయటపడ్డ నది, ఆత్మకూరు, సంగం దాటి నెల్లూరు చేరేసరికి దాదాపు బల్లపరుపు నేల మీద పారుతుంది. అందుకే గోడ మీద తెర వద్దు, బల్ల మీద ఎత్తుపల్లాలు చెక్కిన మోడల్ (రిలీఫ్ మోడల్) చేద్దాం, మారే సంగతులన్నీ పైనుంచి ప్రొజెక్టర్‌తో వేద్దాం అని చెప్పాం. ఒప్పుకున్నారు. ఈ వ్యాసం ఆ పని ఎలా సాగిందో, ఎక్కడెక్కడ ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో చెప్పడానికి. ఇలాంటిది చేయాలనుకునే కాలేజీలకూ మ్యూజియాలకూ పనికొస్తుందనుకుంటున్నాను.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 2002లో ఎంఐటీ మీడియా ల్యాబ్ వాళ్లు ‘ఇల్యూమినేటింగ్ క్లే’ పేరుతో మట్టి మోడల్‌ను లేజర్‌తో కొలిచి, లెక్క కట్టిన ఫలితాన్ని తిరిగి ఆ మట్టి మీదకే వెలుగుగా పంపారు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో ఇసుక పెట్టె, ఎత్తును కొలిచే కినెక్ట్ కెమెరా, ప్రొజెక్టర్ కలిపి ఏఆర్ శాండ్‌బాక్స్ తయారుచేశారు. ఇసుకను చేత్తో కుప్ప చేస్తే దాని చుట్టూ కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) పుట్టుకొస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి చాలా దేశాల్లో మ్యూజియాలు దాన్ని కట్టుకున్నాయి. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్లది వేరే దారి: ఒక నిజమైన ప్రాంతాన్ని గట్టి పదార్థంలో చెక్కి దాని మీద ప్రొజెక్ట్ చేయడం.

మేం ఈ మూడో దారి పట్టాం. కాంటూరు అంటే ఏమిటో నేర్పడానికి ఇసుక పెట్టెను మించింది లేదు. అయితే ఇసుకలో చేసిన కొండ ఏ ఊరి కొండా కాదు. ‘మా ఊరికి నీళ్లు ఎటునుంచి వస్తాయి’ అని అడిగేవాళ్లకు అది జవాబు చెప్పలేదు. పెన్నా ఒడ్డున కూర్చుని ఇసుక వద్దన్నది బహుశా మేమే అయ్యుంటాం.

స్కేలు

బల్ల సైజు మేం ఎంచుకున్నది కాదు, ప్లైవుడ్ షాపు ఎంచి పెట్టింది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అంటే 2.44 మీటర్లు, 1.22 మీటర్లు. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే పలక) షీట్లు ఆ కొలతలోనే వస్తాయి, తలుపులు చెక్కే సీఎన్‌సీ రూటర్ల (కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్ల) బెడ్లూ అంతే ఉంటాయి. 1:50,000 స్కేలు పెడితే ఆ బల్ల మీద 122 కిలోమీటర్ల పొడవు, 61 కిలోమీటర్ల వెడల్పు పడుతుంది. పడమట సోమశిల జలాశయం కొంత భాగం, వెలిగొండలు, తూర్పున సముద్రం ఒక పట్టీ, దక్షిణాన కండలేరు, కృష్ణపట్నం అన్నీ వచ్చాయి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల (ఎత్తులు చూపే పటాల) స్కేలు కూడా 1:50,000 కావడం ఇంకో లాభం. టోపోషీట్ మీద ట్రేసింగ్ కాగితం పెట్టి గీసుకుని, దాన్నే మోడల్ మీద పరిస్తే సరిపోతుంది. విద్యార్థుల చేత ఆ పని చేయించవచ్చు.

చిక్కంతా నిలువు లెక్కలో వచ్చింది. ఈ స్కేలులో వెయ్యి మీటర్ల కొండ 20 మిల్లీమీటర్లు. సముద్రమట్టానికి సుమారు 20 మీటర్ల ఎత్తున ఉన్న నెల్లూరు పట్టణం 0.4 మిల్లీమీటరు, అంటే నాలుగు పొరల రంగు వేస్తే మునిగిపోయే ఎత్తు. మామూలుగా రిలీఫ్ మోడళ్లలో నిలువును రెండు మూడు రెట్లు పెంచుతారు. ఇక్కడ మూడు రెట్లు పెంచినా నెల్లూరు 1.2 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. డెల్టా చేతికి తగలాలని పాతిక రెట్లు పెంచితే వెలిగొండలు అర మీటరు స్తంభాలై లేస్తాయి.

అందుకని ఒకే రెట్టింపు పెట్టలేదు. సముద్రమట్టం నుంచి 40 మీటర్ల దాకా 25 రెట్లు, 40 నుంచి 200 దాకా 8 రెట్లు, ఆపైన 3 రెట్లు. లెక్క వేస్తే డెల్టాకు 20 మిల్లీమీటర్లు, మెట్టకు సుమారు 26, కొండలకు 48, మొత్తం 94 మిల్లీమీటర్ల లోపు. రెట్టింపు మారే చోట నేల మీద లేని గట్టు ఒకటి కనబడుతుంది కాబట్టి, ఆ మలుపులను నునుపైన వక్రరేఖతో కలిపాం.

ఇలా చేయడం తప్పని వాదించే భూగోళశాస్త్ర అధ్యాపకులు ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది. ఈ మోడల్ మీద వాలు నిజమైన వాలు కాదు, కొండ డెల్టాకు ఎన్ని రెట్లు ఎత్తో కంటితో చూసి చెప్పకూడదు. దాని మీద గ్లాసెడు నీళ్లు పోసి ఎటు పోతాయో చూస్తామంటే అసలే కుదరదు. కానీ మాకు కావలసింది ఒకటే: నెల్లూరు దగ్గర నది ఒడ్డు పక్క పొలం కంటే ఎంత ఎత్తుందో వేలికి తెలియాలి. దానికోసం కొండల నిష్పత్తిని వదులుకున్నాం. బల్ల అంచున ఒక నిలువు పట్టీ చెక్కి, ఏ ఎత్తు ఎంత సాగిందో గుర్తులు పెట్టాం. నీటి లెక్కలన్నీ అసలు ఎత్తుల డేటా మీదే చేసి, ఫలితాన్ని మాత్రమే మోడల్ మీద వేశాం. ఈ కట్టుబాటు ముందే కాగితం మీద రాసిపెట్టుకోకపోతే మధ్యలో ఎవరో ఒకరు మోడల్‌నే కొలవడం మొదలుపెడతారు.

ఎత్తుల డేటా

టోపోషీట్ల కాంటూర్ల నుంచి డెల్టాను చెక్కవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. ఆ షీట్లలో కాంటూరు విరామం సాధారణంగా 20 మీటర్లు. సముద్రం నుంచి నెల్లూరు దాకా ఉన్న నేలంతా మొదటి గీత కిందే పడిపోతుంది. అందువల్ల ఉపగ్రహ డేటా తప్పదు.

ఉచితంగా దొరికేవాటిలో మేం చూసినవి మూడు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో తీసిన ఎస్ఆర్‌టీఎం ఒకటి. మన కార్టోశాట్-1 జంట కెమెరాలతో తీసిన కార్టోడెమ్ రెండోది, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్‌ఎస్‌సీ) భువన్ పోర్టల్‌లో దొరుకుతుంది. యూరప్ వాళ్ల కోపర్నికస్ డెమ్ మూడోది. మూడూ సుమారు 30 మీటర్ల గడివి, అంటే ప్రతి 30 మీటర్ల చదరానికి ఒక ఎత్తు (ఇలాంటి డేటానే డెమ్ అంటారు).

కార్టోడెమ్ తెరవగానే కొత్తవాళ్లు కంగారుపడతారు. కోస్తా అంతా సముద్రమట్టానికి ఎనభై, తొంభై మీటర్ల కింద ఉన్నట్టు అంకెలు వస్తాయి. ఫైలు పాడవలేదు. ఆ ఎత్తులు భూమికి లెక్క కోసం అనుకున్న నునుపైన ఎలిప్సాయిడ్ నుంచి కొలిచినవి. శ్రీలంకకు దక్షిణాన ఉన్న గురుత్వపు పల్లం కారణంగా మన వైపు నిజమైన సముద్రమట్టం, అంటే జియాయిడ్, ఆ ఎలిప్సాయిడ్ కంటే అంత కిందికి ఉంటుంది. ఆ తేడాను గడిగడికీ సరిచేశాకే ఎస్ఆర్‌టీఎంతోగానీ కోపర్నికస్‌తోగానీ పోల్చాలి. మొత్తానికి ఒకే అంకె కలిపేస్తే చాలదు, ఎందుకంటే 122 కిలోమీటర్ల పొడవునా ఆ తేడా ఒకేలా ఉండదు. మనకు ఇక్కడ మీటరే ముఖ్యం.

అసలు ఇబ్బంది సరుగుడు తోటలతో వచ్చింది. ఉపగ్రహం చూసేది నేలను కాదు, పైనున్న దాన్ని. మైపాడు నుంచి దక్షిణానికి కోస్తా వెంట సరుగుడు తోపులు ఉన్నచోటల్లా డేటాలో గట్లు లేస్తాయి. పది మీటర్ల చెట్టు మా 25 రెట్ల లెక్కలో 5 మిల్లీమీటర్ల గోడ అవుతుంది. అలాగే చెక్కితే సముద్రానికి అడ్డంగా ప్రహరీ కట్టినట్టుండేది, చూసినవాళ్లు ఉప్పెన వచ్చినా భయం లేదనుకునేవాళ్లు. పైగా అదే కోస్తాలో నిజమైన ఇసుక దిబ్బలూ ఉన్నాయి, వాటిని తీసేయకూడదు. చెట్లు, ఇళ్లు తీసేసి బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు కోపర్నికస్ డెమ్ నుంచి తయారుచేసిన ఫాబ్‌డెమ్ ఇక్కడ ఆదుకుంది. అది వ్యాపారేతర వాడకానికి మాత్రమే ఉచితం, కాలేజీ పని కాబట్టి సరిపోయింది. దాని మీద కూడా గుడ్డి నమ్మకం పెట్టుకోకుండా, ఉపగ్రహ చిత్రం పక్కన పెట్టుకుని తోపు ఏదో దిబ్బ ఏదో కంటితో చూసి సరిచేశాం.

రొయ్యల గుంటల దగ్గర డేటా బుడగలు బుడగలుగా ఉంటుంది. నీటి మీద రాడార్ సరిగ్గా తిరిగి రాదు. అక్కడ నునుపు చేసేశాం, మొహమాటపడలేదు.

చెక్కడం

రిలీఫ్ మోడల్ అంటే త్రీడీ ప్రింటర్ అనుకుంటారు. ఇంత పెద్ద బల్లకు అది దండగ. నెల్లూరు చుట్టుపక్కల పూజగది తలుపులు, గుమ్మాల మీద నగిషీలు చెక్కే సీఎన్‌సీ రూటర్ షాపులు చాలా ఉన్నాయి. మిషను అదే, పనివాడి చేయి తిరిగింది కూడా ఆ మిషను మీదే. మేస్త్రీ ఫైలు చూసి మొదట నవ్వాడు. ‘ఇదేం డిజైన్ సార్, ఒక పక్కన కొండలు, మిగతాదంతా ఉత్త పలక. ఈ పలకలో చెక్కేదేముంది?’ అన్నాడు. ఆ పలకలో ఉన్న రెండు మిల్లీమీటర్ల తేడా కోసమే ఇంత ఖర్చూ అని అతనికి ఒప్పించడానికి కాస్త సమయం పట్టింది.

అతని దగ్గర డిజైన్లన్నీ నలుపు తెలుపు బొమ్మలుగా ఉంటాయి. తెలుపు పైకి, నలుపు కిందికి. దేవుడి బొమ్మకు 8 బిట్ల బొమ్మ చాలు. మాకు చాలదు. 94 మిల్లీమీటర్లను 256 మెట్లుగా పంచితే ఒక్కో మెట్టు 0.37 మిల్లీమీటరు. డెల్టాలో అది ముప్పావు మీటరు ఎత్తు. పొలాలన్నీ కొండవాలు సేద్యంలా మెట్లు మెట్లుగా వస్తాయి. అందుకని బొమ్మ ఇవ్వకుండా త్రీడీ ఆకారాన్నే దాచే ఎస్‌టీఎల్ ఫైలే ఇచ్చాం.

18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ షీట్లు కొండల వైపు ఆరు పొరలు, డెల్టా వైపు రెండు పొరలు అంటించాం. అన్నిచోట్లా ఆరు వేస్తే బల్ల బరువు రెండు వందల కిలోలు దాటుతుంది, ఆ బరువంతా చెక్కి పారేయడానికే. మోడల్‌ను 2 అడుగులు, 4 అడుగుల నాలుగు ముక్కలుగా చేశాం, తలుపులోంచి పట్టాలి కదా. ముందే ముక్కలు కోసి, దేనికది చెక్కి, చెక్క మేకులతో కలపాలి. చెక్కాక కోస్తే రంపం మందం 3 మిల్లీమీటర్లు పోతుంది, అంటే నేల మీద 150 మీటర్లు. చివరి నునుపు పనికి 3 మిల్లీమీటర్ల గుండ్రటి మొన బిట్, గీతకూ గీతకూ మధ్య 0.6 మిల్లీమీటరు. బల్ల మొత్తం మీద ఆ బిట్ నడిచే దూరం ఐదు కిలోమీటర్ల దాకా వస్తుంది. నిమిషానికి నాలుగు మీటర్ల వేగంతో ఇరవై గంటలు. కరెంటు పోతే ఒక ముక్క పనే ఆగుతుంది, మిగతా మూడు క్షేమం.

ఎండీఎఫ్‌కు సముద్రపు గాలి పడదు. పైన రంగు వేసి కింద వదిలేస్తే కింది వైపు చెమ్మ పీల్చి ముక్క వంకర తిరుగుతుంది, కలిపిన చోట సందు పడుతుంది. రెండు వైపులా సీలర్ వేయాలి. పైన మెరుపు లేని లేత బూడిద రంగు. తెల్ల రంగు వేస్తే వెలుగు బాగుంటుందనిపిస్తుంది గానీ, ప్రొజెక్టర్ నలుపు అనే రంగును వేయలేదు, చీకటి చోటు కూడా తెల్లగానే మిగులుతుంది. బూడిద రంగు మీద రాత్రి దృశ్యాలు, లోతైన నీళ్లు నిలబడతాయి.

ప్రొజెక్టర్ ఎక్కడ వేలాడాలి

ఎక్కువమంది ప్రొజెక్టర్‌ను బల్లకు నడిమధ్యన వేలాడదీస్తారు. ఈ బల్లకు అది సరికాదు.

వెలుగు పైనుంచి నిటారుగా పడితే కొండ మీద పడాల్సిన రంగు కొండ మీదే పడుతుంది. ఏటవాలుగా పడితే, కొండ ఎత్తును బట్టి పక్కకు జరుగుతుంది. బల్లకు 2.4 మీటర్ల పైన, మధ్యలో ప్రొజెక్టర్ ఉందనుకోండి. పడమటి అంచు అక్కడికి 1.22 మీటర్ల దూరం. అంచున 94 మిల్లీమీటర్ల కొండ మీద బొమ్మ 48 మిల్లీమీటర్లు జరుగుతుంది, నేల మీద అది 2.4 కిలోమీటర్లు. అంతేకాదు, 35 డిగ్రీల నిజమైన వాలు మూడు రెట్లు పెంచాక 64 డిగ్రీలు అవుతుంది. అంచుకు చేరే కిరణం నిలువుకు 27 డిగ్రీల ఒరుగుతో వస్తుంది కాబట్టి 63 డిగ్రీలు దాటిన వాలు వెనక నీడే.

మా అదృష్టం, ఎత్తులన్నీ ఒకే పక్కన ఉన్నాయి. ప్రొజెక్టర్‌ను పడమటి అంచు నుంచి బల్ల పొడవులో మూడో వంతు దగ్గరకు జరిపి, లెన్స్ షిఫ్ట్‌తో (యంత్రాన్ని వంచకుండా లెన్స్‌నే పక్కకు జరపడం) బొమ్మను తూర్పుకు నెట్టాం. కొండల మీద వెలుగు నిటారుకు దగ్గరగా పడుతుంది, నీడ గీత 71 డిగ్రీలకు పోయింది, కొండవాలులన్నీ వెలుగులోకి వచ్చాయి. డెల్టా మీద బాగా ఏటవాలుగా పడుతుంది గానీ అక్కడ జరగడానికి ఎత్తే లేదు. కీస్టోన్ సవరణతో (వంకర పడ్డ బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం) ఇదే పని చేయొచ్చు కదా అంటారు. చేయొచ్చు, కానీ కీస్టోన్ పిక్సెళ్లను తినేస్తుంది. లెన్స్ షిఫ్ట్ ఉన్న యంత్రానికే డబ్బు పెట్టండి.

మిగిలిన జరుగుడుకు కాలిబ్రేషన్, అంటే బొమ్మను మోడల్‌తో సరిపెట్టడం. ప్రొజెక్టర్ అంటే వెనక్కి నడిచే కెమెరా. మోడల్ మీద ఎక్కడెక్కడున్నాయో తెలిసిన బిందువుల మీదకు ప్రొజెక్టర్ కర్సర్ తెచ్చి, ఏ పిక్సెల్ ఏ బిందువు మీద పడిందో రాసుకుంటూ పోవాలి. లెక్క ప్రకారం ఆరు బిందువులు చాలు, అన్నీ ఒకే తలంలో ఉండకూడదు. మేం కొండ కొనల మీద, జలాశయం అంచుల మీద, తీరం మీద కలిపి దానికంటే చాలా ఎక్కువే తీసుకున్నాం. ఆ జతలను ఓపెన్‌సీవీ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ప్రొజెక్టర్ కన్ను ఎక్కడుందో చెబుతుంది. అక్కడే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఒక కెమెరా పెట్టి, అదే త్రీడీ మోడల్ మీద క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో చేసిన పటాన్ని కప్పి, ఆ కెమెరాకు కనిపించినదాన్ని ప్రొజెక్టర్‌కు పంపాం. ఈ లెక్కలో సాగదీసిన మోడల్‌నే వాడాలి, నీటి లెక్కలో అసలు డేటా వాడాలి. రెండూ తారుమారు కాకుండా ఫోల్డర్లు వేరు పెట్టుకోవడం మంచిది.

1920 పిక్సెళ్లు 2.44 మీటర్ల మీద పరిస్తే ఒక్కో పిక్సెల్ 1.27 మిల్లీమీటర్లు, నేల మీద దాదాపు 64 మీటర్లు. రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన పెడితే రెట్టింపు సూక్ష్మత వస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. ఈ బల్లకు రాదు. ఒక్కొక్కటి చదరపు సగాన్ని కప్పాలి, అప్పుడు నిలువు పిక్సెళ్లు అడ్డొచ్చి పిక్సెల్ 1.13 మిల్లీమీటర్ల దగ్గరే ఆగుతుంది. కలిసే చోట అతుకు తంటా అదనం. 4కే తీసుకుంటే పిక్సెల్ 32 మీటర్లకు దిగి, ఎత్తుల డేటా గడితో సరిసమానం అవుతుంది. మా బడ్జెట్ అక్కడిదాకా పోలేదు. 4,500 ల్యూమెన్ల లేజర్ యంత్రం ఒకటి తీసుకున్నాం. బల్ల మీద 1,200 లక్స్ దాకా పడుతుంది కాబట్టి కిటికీలకు కర్టెన్ ఉంటే పగలూ కనిపిస్తుంది. బల్బు రకం వద్దన్నది కరెంటు కోతల వల్ల. వేడి బల్బు చల్లారకముందే ఆగిపోతే దాని ఆయుష్షు తగ్గుతుంది.

ఏది చెక్కలో, ఏది వెలుగులో

మొదట్లో పెట్టుకున్న నియమం తేలిక: కదలనిది చెక్కలో, కదిలేది వెలుగులో. పనిలోకి దిగాక ఆ గీత మీద నిలబడే వస్తువులు చాలా ఎదురయ్యాయి.

పొర్లుకట్టలు అందులో మొదటివి. వరద ఎటు పోతుందో తేల్చేది పెన్నాకు రెండు వైపులా ఉన్న ఈ కట్టలే. ఆరు మీటర్ల వెడల్పు కట్ట ఈ స్కేలులో 0.12 మిల్లీమీటరు. 30 మీటర్ల గడిలో అది అసలు కనిపించదు, కనిపించినా 3 మిల్లీమీటర్ల బిట్ దాన్ని చెక్కలేదు. వెలుగుతో ఎర్ర గీతగా వేస్తే చాలని మా కుర్రాళ్లు అన్నారు. నేను ఒప్పుకోలేదు. వెలుగు గీత మీద వేలు పెడితే వేలి మీద గీత పడుతుంది, కట్ట మాయమైపోతుంది. కట్ట అనేది చేతికి అడ్డు తగలాలి. సన్నటి ఇత్తడి తీగ వంచి, నది వెంట అంటించాం. స్కేలు ప్రకారం అది కట్ట కంటే చాలా లావు. అయినా సరే. ఈ మోడల్ మొత్తంలో జనం ఎక్కువ తాకేది ఆ తీగనే.

ఆనకట్టలూ ఇత్తడిలోనే, కానీ ఊడదీసి మార్చేలా. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. అంతకు ముందు అక్కడ పనిచేసినవి బ్రిటిష్ కాలపు ఆనకట్టలు. పాత ముక్క, కొత్త ముక్క రెండూ చేసి పెట్టాం. ముక్క మారిస్తే కింద అయస్కాంత స్విచ్ పనిచేసి వెలుగులో పటం కూడా ఆ కాలానికి మారుతుంది.

కాలువలు వెలుగులోకే వెళ్లాయి, ఎందుకంటే వాటిని వదిలే వరుస చూపించాలి. సంగం దగ్గర కనిగిరి కాలువ, కనుపూరు కాలువ, కావలి కాలువ. నెల్లూరు దగ్గర సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ. ఒక్కొక్కటీ నీలంగా ముందుకు పాకుతూ, దారిలో చెరువులను నింపుతూ పోతుంది. (కనిగిరి కాలువ అనగానే కనిగిరి పట్టణం వైపు నుంచి వచ్చినవాళ్లు ‘మా కనిగిరికి నీళ్లెప్పుడొచ్చాయి’ అంటారు. ఇది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర కనిగిరి జలాశయం అని ప్రతిసారీ చెప్పాల్సిందే.)

జలాశయాలతో ఇంకో తిరకాసు ఉంది. ఉపగ్రహం తీసిన రోజు ఎంత నీరుంటే అంత ఎత్తున డేటా చదునుగా ఉంటుంది, అడుగు కనిపించదు. కండలేరును ఒక చదును పళ్లెంగా చెక్కి, నీటి విస్తీర్ణం ఎంత మారినా వెలుగులోనే మార్చాం.

ఊళ్ల పేర్లకు వెలుగు పనికిరాలేదు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా తెలియాలంటే తెలుగు అక్షరానికి నిలువులో కనీసం ఇరవై నాలుగు పిక్సెళ్లు కావాలి. అంటే బల్ల మీద 30 మిల్లీమీటర్లు, నేల మీద కిలోమీటరున్నర. ‘బుచ్చిరెడ్డిపాళెం’ అని రాస్తే పక్క రెండు ఊళ్లను మింగేస్తుంది. ఇంగ్లీషులో రాస్తే సగం సైజులో సరిపోతుంది గానీ, ఎవరి కోసం చేస్తున్నామో వాళ్లకు అందదు. ముఖ్యమైన ఊళ్లకు సన్నటి గుండుసూది మీద అచ్చు వేసిన చిన్న జెండాలు పెట్టాం. మిగతా ఊళ్లు పక్కనున్న టాబ్లెట్‌లో వెతికితే ఆ చోట వెలుగు చుక్క మినుకుతుంది.

వరద

2021 నవంబరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఎగువన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19న తెగింది. సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. కోవూరు వైపు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి.

ఆ అంకెలు పేపర్లో చదివితే మనసుకు ఎక్కవు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఐదు లక్షలైతే 43 టీఎంసీలు. సోమశిల నిల్వ సామర్థ్యం 78 టీఎంసీలు. ఆ వేగంతో నిండు సోమశిల రెండు రోజులు నిలవదు. మోడల్ పక్కన ఒక గుండ్రటి నాబ్ పెట్టి, దాన్ని తిప్పితే విడుదల క్యూసెక్కుల్లో పెరిగేలా, రోజుకు ఎన్ని టీఎంసీలో పక్కనే కనిపించేలా చేశాం. టచ్ స్క్రీన్ కంటే నాబ్ మంచిదని నా అభిప్రాయం. తిప్పే మనిషి చూపు నాబ్ మీద ఉండదు, నది మీద ఉంటుంది.

నాబ్ తిప్పినప్పుడు పరుచుకునే నీళ్లు ఎక్కడివి? నది ప్రవాహాన్ని లెక్కించే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో విడుదలకు ముందే లెక్క కట్టి పెట్టిన పటాలు. అప్పటికప్పుడు లెక్క కట్టడం లేదు. పొర్లుకట్టలను ఆ లెక్కలోకి విడిగా గీతలుగా ఎక్కించాలి, లేకపోతే కాగితం మీద నెల్లూరు ప్రతి ఏడూ మునుగుతుంది.

ఫలితాన్ని సెంటినెల్-1 ఉపగ్రహపు రాడార్ చిత్రాలతో పోల్చాం. మబ్బు పట్టినా రాడార్ చూడగలదు, నీరున్న చోటు నల్లగా వస్తుంది. అయితే ఉపగ్రహం మన మీదుగా పోయే రోజుకూ వరద గరిష్ఠానికి చేరిన రోజుకూ సంబంధం ఉండదు. పైగా నవంబరు అంటే నెల్లూరులో నారుమళ్లు, నాట్ల కాలం. దమ్ము చేసి నీళ్లు పెట్టిన మడి రాడార్‌కు వరదలాగే నల్లగా కనిపిస్తుంది. రొయ్యల గుంటలూ అంతే. వరదకు ముందటి చిత్రాన్ని తీసేస్తే గుంటలు పోతాయి, ఆ మధ్యలో కొత్తగా దమ్ము చేసిన మళ్లు పోవు. బయటి రాష్ట్రాల్లో కూర్చుని ఆటోమేటిక్‌గా వరద పటాలు తీసేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఏ కాలువ కింద నాట్లు ముందు పడతాయో తెలిసిన రైతుతో కలిసి చూస్తే చాలా మచ్చలు తేలిపోయాయి.

ఆ తర్వాత వచ్చిన ప్రశ్న సాంకేతికమైనది కాదు. నీటి అంచును ఎలా గీయాలి? పటం మీద గీసిన గీతను జనం గీతగా చూస్తారు. చెక్కిన నేల మీద, తాము చేత్తో తాకిన కట్ట పక్కన, అదే గీత వెలిగితే దాన్ని నిజం అనుకుంటారు. చెక్క తన గట్టిదనాన్ని వెలుగుకు అరువిస్తుంది. డేటాలో రెండు, మూడు మీటర్ల తేడా ఉండే చోట, ఒక్కో పిక్సెల్ 64 మీటర్లున్న చోట, పదునైన అంచు గీయడం మోసమే. కాలేజీ వాళ్లకు పదునైన అంచే నచ్చింది, ఫొటోల్లో బాగుంటుంది. మేం పట్టుబట్టి అంచును మూడు పట్టీలుగా పలచబరిచాం: తప్పక మునిగేది ముదురు నీలం, మునగవచ్చనేది లేతది, ఆపైన చుక్కలు. నెల్లూరు పట్టణం లోపల వీధుల పొర వేయలేదు. వీధి పేరు కనిపిస్తే ‘మా ఇల్లు బయటే ఉంది’ అని ఎవరో ఒకరు ధైర్యం తెచ్చుకుంటారు.

వాడకంలో

చదువుకున్నవాళ్లు ముందు తమ ఊరు వెతుకుతారు. రైతులు ముందు చెరువు వెతుకుతారు. ‘ఏందబ్బయ్యా, మా చెరువు యాడుంది దీంట్లో?’ అని ఒక పెద్దాయన అడిగాక, చెరువుల పొరను ఎప్పుడూ వెలిగే పొరల్లోకి మార్చాం. ఆయనే ఇత్తడి తీగ మీద వేలు నడిపిస్తూ, ఏ వంకర దగ్గర నది ఒత్తిడి ఎక్కువో విద్యార్థులకు చెప్పాడు. మా హెక్-రాస్‌లో ఆ వంకర దగ్గర వేగం అంకెలు ఎక్కువే ఉన్నాయి. కానీ ఆయన చెప్పేదాకా ఆ పటం వేసి చూపించాలని మాకెవరికీ తట్టలేదు. ఇప్పుడు వేగం పొర ఉంది.

చేతుల నీడ పడుతుంది, తప్పదు. పైనుంచి వెలుగు పడే ఏ ఏర్పాటులోనైనా వంగి చూపించేవాడి తల డెల్టాను కప్పేస్తుంది. వివరించేవాళ్లకు సన్నటి వెదురు పుల్ల ఇచ్చి, దక్షిణం వైపు నిలబడమన్నాం. పిల్లలు కొండల మీద నాణేలు పెడతారు, నీటి సీసాలు పెడతారు. తీగ ఊడితే అతికించడానికి జిగురు, అదనపు తీగ ల్యాబ్ అటెండర్ దగ్గర పెట్టాం. ప్రొజెక్టర్ వేలాడే క్లాంప్ ఫ్యాన్ గాలికి, పైఅంతస్తు అడుగుల చప్పుడుకు కొద్దికొద్దిగా కదులుతుంది. నెలకోసారి నాలుగు మూలల్లో చెక్కిన గుర్తుల మీద వెలుగు గుర్తులు పడుతున్నాయో లేదో చూసి, జరిగితే కాలిబ్రేషన్ మళ్లీ నడపాలి. ఆ పని అటెండర్ ఒక్కడే చేసుకునేలా స్క్రిప్ట్‌ను తెలుగు మెనూతో ఇచ్చాం.

ఖర్చులో సింహభాగం ప్రొజెక్టర్‌ది. చెక్కా, చెక్కుడు కూలీ కలిపినా దాని దరిదాపులకు రావు. ఎక్కువ సమయం తిన్నది మాత్రం కోస్తా ఎత్తులు సరిచేయడం.

ఇప్పుడు ఇదే పద్ధతిలో ప్రకాశం వైపు కంభం చెరువుకు మోడల్ అడుగుతున్నారు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల సందులో కట్టిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. అక్కడ కొండలూ నేలా ఎత్తులో దూరదూరంగా ఉంటాయి కాబట్టి వంపు తిరిగిన రెట్టింపు అక్కర్లేదు, అంతటా ఒకే మూడు రెట్లు చాలు. ప్రొజెక్టర్ మధ్యలోనే వేలాడదీయవచ్చు. చిక్కు చెరువు అడుగుతో వస్తుంది, ఎందుకంటే ఆ మోడల్‌లో చూపించాల్సిందే నీరు ఎక్కడం, దిగడం. చెరువు తగ్గుతూ పోయిన ఏళ్లలో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు వరసగా తీసుకుని, ఒక్కో మట్టం దగ్గర నీటి అంచును గీసుకుంటే ఆ గీతలే అడుగు కాంటూర్లు అవుతాయి. దానికి ఆ తేదీల్లో తూము దగ్గర నమోదైన నీటిమట్టాలు కావాలి. చెరువు అడుగును ఈసారి చెక్కలోనే చెక్కుతాం, నీళ్లు మాత్రం వెలుగు. నీటిమట్టాల రిజిస్టర్ కోసం దరఖాస్తు పెట్టాం, అది చేతికి వచ్చాక ఎండీఎఫ్ ఎన్ని పొరలు కావాలో లెక్క వేస్తాం.